రెండు ప్లాన్ల ఇల్లు

"సార్, ఏ ప్లాను ప్రకారం ముగ్గు పోయమంటారు?"

మేస్త్రి ఈ మాట అడిగేసరికి ఉదయం ఆరున్నర. పునాదులు తవ్వడానికి గీతలు వేసే రోజు అది. ఈశాన్యం మూల మేకు దిగింది. దానికి నైలాను తాడు బిగించి ఉంది. పక్కన ఇనుప బొచ్చెలో తెల్లటి ముగ్గుపిండి. ఆయన చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి మున్సిపాలిటీ అనుమతితోపాటు వచ్చిన ప్లాను. రెండోది నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, వాస్తు చూసిన పంతులుగారు దాని మీద పెన్సిలుతో గీసిచ్చారు. ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లు కడుతున్న మనిషి ఆయన. ఆ ప్రశ్నలో వెటకారం లేదు, బెదురూ లేదు. ప్రతి ఇంటికీ అడిగే ప్రశ్నే మాకూ అడిగారు.

నేను రెండోది చూపించాను. అప్పుడు అలా ఎందుకు చేశానో, ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. మా పట్టణంలో కొత్తగా లేస్తున్న ఇళ్లలో చాలావాటికి ఇలాగే రెండు ప్లాన్లున్నాయి. దీన్ని ఇంటివాళ్ల దురాశ కింద జమకట్టి వదిలేస్తే సరిపోదని నా నమ్మకం. అనుమతి ఇచ్చే పద్ధతిలోనే రెండో ప్లానుకు చోటు ఉంది.

మాది తెలంగాణలో ఒక చిన్న పట్టణం. 2018 ఆగస్టులో చాలా ఊళ్లతోపాటు మా ఊరూ గ్రామపంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయింది. స్థలం అమ్మ పేరు మీద ఉంది. తూర్పు ముఖం, ముప్పై అడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవు, లెక్క కడితే 167 గజాలు. ముందు ముప్పై అడుగుల రోడ్డు. దక్షిణం పక్కన ఇప్పటికే ఒక ఇల్లుంది, దాని గోడ సరిగ్గా హద్దు మీదే లేచింది.

ఇంటి అనుమతి అంటే మా నాన్న తరానికి ఫైలు. అది ఏ బల్ల మీద ఆగిందో కనుక్కోవడానికే నెలలు పట్టేవి. ఆ బాధ తీర్చడానికే 2020 నవంబరులో, ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతులిచ్చే టీఎస్‌-బీపాస్ అమల్లోకి వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అక్కడి నుంచి 500 చదరపు మీటర్ల స్థలం, పది మీటర్ల ఎత్తు దాకా యజమాని స్వీయ ధ్రువీకరణ ఇస్తే వెంటనే అనుమతి వస్తుంది. అంతకంటే పెద్దవాటికి 21 రోజుల గడువు. 2025లో దాని స్థానంలో బిల్డ్‌నౌ అనే కొత్త వ్యవస్థ వచ్చింది. నేను దరఖాస్తు చేసింది బీపాస్ రోజుల్లో. ఫీజు కట్టిన కాసేపటికే అనుమతి పత్రం చేతికొచ్చింది. మనిషి మాటను నమ్మి పని మొదలుపెట్టనివ్వడం గొప్ప మార్పు. దాన్ని వెనక్కి తీసుకోమని నేను అనను. నా పోరాటమంతా ఆ నమ్మకం పక్కన ఉండాల్సినవి లేకపోవడం గురించి.

దరఖాస్తు మనం సొంతంగా పెట్టుకునే వ్యవహారం కాదు. ప్లాను గీయడానికి లైసెన్సు ఉన్న ఇంజినీరు కావాలి. సేల్ డీడు, లింకు పత్రాలు, స్థలం మీద అప్పులూ లావాదేవీలూ చూపే ఈసీ, ఖాళీ స్థలం పన్ను కట్టిన రసీదు, స్థలం ఫొటోలు పట్టుకుని అమ్మా నేనూ ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన కంప్యూటర్‌లో పాత ప్లాను ఒకటి తెరిచి, కొలతలు మార్చి, అమ్మ పేరు వేశారు. వంటిల్లు ఎటు, దేవుడి గది ఎక్కడ, ఎంతమంది ఉంటారు అన్న ప్రశ్నలేవీ రాలేదు. నేనే అడిగాను. "ఇది ఆఫీసు కోసమండీ. కట్టేటప్పుడు మీకు కావలసినట్టు కట్టుకోండి" అన్నారు. సాయం చేస్తున్నాననే అనుకున్నారాయన. పని త్వరగా అయిపోతోందని నేనూ సంతోషించాను. రెండో ప్లాను పుట్టింది ఆ నిమిషంలోనే, పంతులుగారు పెన్సిలు పట్టుకోవడానికి నెల ముందే.

తర్వాత హామీ పత్రం వచ్చింది. మొత్తం ఇంగ్లిషులో ఉంది. సంతకం చేయాల్సింది అమ్మ. అమ్మ ఏడో తరగతి చదివింది. తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది, రిజిస్ట్రేషన్ రోజున సేల్ డీడు కూడా చదివే సంతకం పెట్టింది. ఈ కాగితం మాత్రం ఇటూ అటూ తిప్పి, "ఇందులో ఏముందిరా?" అని అడిగింది. అక్కడ క్యూలో జనం ఉన్నారు. ఇంటికెళ్లాక చెబుతానన్నాను. సంతకం పెట్టింది. రాత్రి కూర్చోబెట్టి చెప్పాను: మనం ఇచ్చిన వివరాలన్నీ నిజమని ఒప్పుకుంటున్నాం, ప్లానులో చూపించినట్టే కడతామంటున్నాం, అలా కట్టకపోతే ముందుగా నోటీసు ఇవ్వకుండానే కూల్చేసే అధికారం మున్సిపాలిటీకి ఉంది. అమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంత మాట సంతకానికి ముందు చెప్పాలి కదా" అంది.

నన్నే అంది. నిజానికి ఆ మాట నాకంటే ముందు ఆ కాగితం తయారుచేసినవాళ్లకు చేరాలి. స్వీయ ధ్రువీకరణ అంటే నేనే చదివి, నాకే అర్థమై, నేనే పూచీ పడటం. చదవలేని భాషలో ఉన్న కాగితం కింద సంతకం తీసుకుంటే చట్టం దృష్టిలో పూచీ యజమాని మీద పడుతుందేమో కానీ, యజమాని మనసులో పడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ దస్తావేజు తెలుగులో రాసుకుంటున్నాం. ఆ స్థలం మీద కట్టే ఇంటి హామీ పత్రం తెలుగులో ఉండకూడదా?

భాషకు తోడు కొలతల చిక్కు. అనుమతి ప్లానులో ముందు 1.50 అనీ, మిగతా మూడు వైపులా 1.00 అనీ ఉంది. అవి మీటర్లు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం వంద నుంచి రెండు వందల చదరపు మీటర్ల స్థలంలో మాలాంటి రోడ్డు మీద వదలాల్సిన ఖాళీ అంతే. స్థలం కొనేది గజాల్లో. మేస్త్రి కట్టేది అడుగుల్లో, అంగుళాల్లో. పన్ను లెక్క చదరపు మీటర్లలో. కూలీ మాట్లాడుకునేది చదరపు అడుగుకింత అని. ఒక్క ఇంటికి ఇన్ని కొలతలు. ఇందులో పని జరిగే చోట పనికొచ్చేది అడుగు ఒక్కటే, ప్లానులో లేనిదీ అదే.

నేను అడుగుల్లోకి మార్చి చూశాను. ఒకటిన్నర మీటర్లు అంటే అంగుళం తక్కువ అయిదు అడుగులు. మీటరు అంటే మూడడుగుల మూడు అంగుళాలు. ముప్పై అడుగుల వెడల్పులో రెండు పక్కలా ఆరున్నర అడుగులు పోతే ఇరవై మూడున్నర మిగులుతుంది. యాభై అడుగుల పొడవులో ముందూ వెనకా తీసేస్తే దాదాపు నలభై రెండు. అంటే 167 గజాల్లో ఇల్లు లేచేది సుమారు 109 గజాల మీద. మిగిలిన 58 గజాలు ఖాళీ. గజం గజానికీ డబ్బు లెక్కపెట్టి కొన్న కుటుంబానికి ఆ 58 గజాలు ఎలా కనిపిస్తాయో నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అలాగే కనిపించాయి. కూతురి పెళ్లికి దాచిన డబ్బుతో కొన్నవాళ్లుంటారు, గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి కొన్నవాళ్లుంటారు. వాళ్లకు "నిబంధన" అన్న ఒక్క మాట చెప్పి అంత నేల వదిలేయమంటే వదలరు. ఎందుకు వదలాలో ఎవరైనా చెప్పాలి. మాకు దరఖాస్తు మొదలు అనుమతి దాకా ఎవరూ చెప్పలేదు.

మా తాతగారి పెంకుటిల్లు నాకు బాగా గుర్తు. ఊరిలో పాతకాలం నుంచి ఉన్న కట్టుబాటు ఒకటుంది: మన చూరు నీళ్లు మన జాగాలోనే పడాలి. గోడను హద్దు మీద లేపితే చూరు పక్కవాడి మీదికి పోతుంది కాబట్టి, గోడ దానంతట అదే లోపలికి జరిగేది. వానాకాలంలో చూరు కింద చుక్కలు పడి పడి మట్టిలో చిన్న చిన్న గుంతలు వరుసగా ఏర్పడేవి. మా తాతకూ పక్కింటివాళ్లకూ తగాదా వచ్చినప్పుడు పెద్దమనుషులు వచ్చి, టేపు లేకుండా, ఆ గుంతల వరుస చూసి హద్దు తేల్చారట. నాన్న ఆ మాట చాలాసార్లు చెప్పేవారు. ఆ చూరు కింది నేలలో కుండలు బోర్లించేవారు, పిడకలు ఆరబెట్టేవారు, ఎండలో కూర్చుని తల దువ్వుకునేవారు.

తర్వాత శ్లాబు వచ్చింది. శ్లాబుకు చూరు లేదు. నీళ్లు గొట్టంలోంచి ఎటు కావాలంటే అటు పోతాయి. చూరుతోపాటు ఆ ఖాళీ కూడా పోయింది, గోడ హద్దు మీదికి వచ్చి నిలబడింది. ఇంటి చుట్టూ వదలాల్సిన ఈ ఖాళీని సెట్‌బ్యాక్ అనగానే ఎక్కడో నగరంలో కూర్చుని ఎవరో మన మీద రుద్దిన నియమంలా వినిపిస్తుంది. మన ఊళ్లలో అది ముందు నుంచీ ఉంది, పేరే వేరు.

ఆ ఖాళీ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మా పాత బజారుకు రావాలి. మిట్టమధ్యాహ్నం ట్యూబులైటు వేసుకునే గదులు అక్కడ వరుసగా ఉంటాయి. రెండిళ్ల మధ్య అడుగు వెడల్పు చీలికలో చెత్త పడితే తీయడానికి చెయ్యి పట్టదు, చీపురు పట్టదు. ఎలుకలు, చెమ్మ, గోడకు లోపలివైపు పొక్కులెత్తే సున్నం. రెండేళ్ల కిందట అక్కడొక పెద్దాయనకు రాత్రిపూట గుండెనొప్పి వచ్చింది. వీధి సన్నగా ఉందని అంబులెన్సు చౌరస్తాలోనే ఆగింది. ప్రతి ఇంటి మెట్లూ, ర్యాంపులూ వీధిలోకే ఉన్నాయి. స్ట్రెచరు మలుపు తిరగలేదు. దుప్పట్లో నలుగురు మోసుకొచ్చారు. ఆయన బతికారు. ఆ రోజు దుప్పటి కొస పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ని. అది మరచిపోయి మూడు నెలల తర్వాత నా ఇంటికి నేనూ రెండో కాగితమే చూపించాను.

ఆ ఉదయానికి వస్తాను. పంతులుగారి గీత ప్రకారం ఉత్తరం పక్క అయిదున్నర అడుగులు వదలాలి, దక్షిణం పక్క ఒక్క అడుగు చాలు. వెనక, పడమర వైపు ఖాళీ మొత్తం మెట్లకు పోతుంది. పై అంతస్తు అద్దెకిస్తే బ్యాంకు వాయిదాకు ఆసరా అవుతుందని మెట్లు బయట ఉండాలన్నది నా కోరిక. మేస్త్రి తాడు లాగారు, కూలీ అబ్బాయి పిడికిలిలోంచి ముగ్గు వదులుతూ తాడు వెంట వెనక్కి నడిచాడు. గంటలో ఇల్లు మొత్తం నేల మీద తెల్లగా కనిపించింది.

ఎనిమిదింటికి అమ్మ టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. గదులన్నీ తిరిగి చూసింది. దక్షిణం గీత దగ్గర ఆగింది. పక్కింటి గోడకూ మా గీతకూ మధ్య నిలబడాలని చూసింది, నిలబడలేకపోయింది. పక్కకు తిరిగింది. వీపు ఆ గోడకు ఆనింది, చీర కుచ్చిళ్లు ముగ్గు మీద పడి గీత చెరిగింది. "రేపు ఇక్కడ గోడ లేస్తే పైపు పగిలిందనుకో, ఎవరు దూరతారు?" అని మేస్త్రిని అడిగింది. ఆయన నవ్వలేదు. "ఎవరూ దూరలేరమ్మా. చాలా ఇళ్లలో ఇంతే" అన్నారు. "ఆ కాగితంలో ఎంత ఉంది?" అంది నన్ను చూసి. మూడడుగుల మూడంగుళాలు అన్నాను. "మరి దాని కింద నా సంతకం ఉంది కదా."

వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. అమ్మ సంతకం ఉన్న ఇల్లు నేల మీద ఇంకోలా లేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. రెండో ప్లానుతో కట్టిన ప్రతి ఇంటివాడూ ఎవరో ఒకరికి లొంగి బతకాల్సిందే. మా పట్టణంలో ఫోనులో ఫొటో తీసి, ఫిర్యాదు రాసి, ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి బేరం పెట్టేవాళ్లున్నారు. పక్కింటితో నీళ్ల తగాదా వస్తే మొదట బయటికొచ్చేది ఇంటి ప్లానే. ఇల్లు అమ్మబోతే కొనేవాడి బ్యాంకు కొలుస్తుంది. చట్టం ఇచ్చిన అనుమతి మనల్ని కాపాడాలంటే ఇల్లు ఆ అనుమతిలా ఉండాలి.

"క్రమబద్ధీకరణ వస్తుందిలే, అప్పుడు రుసుము కట్టేయొచ్చు" అని మా బావ చెప్పాడు. ఈ మాట ఆయన కల్పించింది కాదు, ప్రభుత్వాలే నేర్పాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న భవనాలకు ఒకటి, లేఅవుట్లకు ఒకటి జీవోలు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో మళ్లీ రెండూ వచ్చాయి. 2020లో లేఅవుట్లకు వచ్చిన పథకానికి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్కొక్కరూ వెయ్యి రూపాయలు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశారు, 2025లో రుసుములో 25 శాతం రాయితీ ప్రకటిస్తే గానీ అది కదల్లేదు. భవనాల పథకం కోర్టులో చిక్కుకుంది. నియమం ప్రకారం అయిదడుగులు వదిలినవాడు నేల పోగొట్టుకున్నాడు, వదలనివాడు అపరాధ రుసుము కట్టి నిలబెట్టుకున్నాడు. మొదటివాడికి ఏ ప్రభుత్వమూ ఒక్క రూపాయి పన్ను తగ్గించలేదు. అప్పుడప్పుడూ ఇలా తలుపు తెరుస్తుంటే మనుషులు దాని ముందే కాచుకుని ఉంటారు, వాళ్లను ఏమనగలం?

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. మేం కట్టే నాటికి నిర్మాణ ఖర్చు పది లక్షలు దాటితే ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సు కట్టాల్సి ఉండేది. 1996 నాటి చట్టం అది. మేమూ కట్టాం, సంతోషంగానే కట్టాం. ఆ సెస్సు ఎవరికోసమో వాళ్లలో ఎంతమందికి కార్మికుడిగా నమోదైన కార్డుందో అని మా దగ్గర పనిచేసినవాళ్లను అడిగితే, మేస్త్రితో సహా ఏడుగురిలో ఇద్దరికే ఉంది. ఏడాదిలో తొంభై రోజులు పనిచేసిన, పద్ధెనిమిది నుంచి అరవై ఏళ్ల వయసున్న ఏ కార్మికుడైనా నమోదు కావచ్చు. డబ్బు తీసుకునే చోటే, ఆ ఇంటి దగ్గర పనిచేసేవాళ్ల పేర్లూ రాసుకుంటే ఎంత బాగుంటుంది!

గ్రామకంఠంలో, అంటే పాత ఊరి ఇళ్ల జాగాలో, ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. తాతల నాటి ఇల్లు, చేతిలో ఇంటిపన్ను రసీదు తప్ప రిజిస్టరు పత్రం లేదు. దరఖాస్తులో దస్తావేజు నంబరు గడి దగ్గరే వాళ్లు ఆగిపోతారు. అనుమతి లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు. అప్పు లేదు కాబట్టి వడ్డీ వ్యాపారి. గోడ కూలితే అక్కడే, ఉన్నంతలో, ఎవరికీ చెప్పకుండా లేపుకుంటారు. పల్లెను పట్టణం చేసినప్పుడు పాత ఊరి నడిబొడ్డున ఉన్నవాళ్లకు ఇల్లు కట్టుకునే దారి కూడా చూపాల్సింది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. హామీ పత్రం తెలుగులో ఇవ్వండి. అనుమతి ప్లానుతోపాటు ఒక్క పేజీ, పెద్ద అక్షరాలతో, అడుగుల్లో, ఏ వైపు ఎంత వదలాలో, ఎందుకు వదలాలో రాసి ఇవ్వండి. ఆ పేజీ మేస్త్రి కోసం. ఆయన దాన్ని జేబులో పెట్టుకోగలగాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ముగ్గు పోసే రోజున ఒక మనిషి రావాలి. ఒక్క గంట చాలు. ముగ్గు గీత చెరపడానికి కాలితో మట్టి తోస్తే సరిపోతుంది. పునాది రాయి పడ్డాక లక్షలు కావాలి, శ్లాబు పడ్డాక జేసీబీ కావాలి. తనిఖీ అంటూ ఉంటే అది మొదటి గంటలో ఉండాలి.

సిబ్బంది లేరంటారు. ఒకే టౌన్ ప్లానింగ్ అధికారి రెండు మూడు చిన్న పట్టణాలు చూసుకునే చోట అది నిజమే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి వార్డు సచివాలయాల్లో ఈ పనికే ప్రణాళిక కార్యదర్శులున్నారు. అక్కడ మనిషి ఉన్నాడు, ఆ గంటకు పంపడమే మిగిలింది. ఇక్కడ మనిషిని పెట్టాలి. మేము కట్టిన రుసుముల జాబితాలో అయిదారు పేర్లున్నాయి. అందులో ఒకటి ఆ మనిషి జీతానికి వెళ్లినా ఏ ఇంటివాడూ కాదనడు.

ఆ రోజు మా దగ్గరికి ఎవరూ రాలేదు. అమ్మే వచ్చింది. మేస్త్రి మేకులు పీకించారు. కూలీ అబ్బాయి పాత గీతల మీద మట్టి కప్పాడు. పంతులుగారికి ఫోను చేసి, మెట్లు ఇంటి గీత లోపలే, ఆగ్నేయం మూల పెట్టుకోవచ్చా అని అడిగాను. పెట్టుకోవచ్చన్నారు. అద్దెకిచ్చే పై అంతస్తుకు వేరే తలుపు కూడా కుదిరింది. నా పుస్తకాలకని అనుకున్న చిన్న గది పోయింది. పది దాటాక రెండోసారి ముగ్గు పడింది.

మధ్యలో మేస్త్రి, "మీటర్ల లెక్క మావాళ్లకు గుర్తుండదు సార్, అడుగుల్లో చెప్పండి" అన్నారు. నీళ్ల కోసం ముందుగా కట్టిన ఇటుక తొట్టి గోడ మీద బొగ్గుముక్కతో ఆయనే రాసుకున్నారు: తూర్పు 4-11, దక్షిణం 3-3, పడమర 3-3, ఉత్తరం 3-3. ఇల్లు అయ్యాక తొట్టి తీసేద్దామన్నారు. అమ్మ వద్దంది. ఉత్తరం సందులో ఇప్పుడు దానిలో నీళ్లు పట్టుకుని బట్టలు ఉతుకుతుంది.